కత్సురా గేటు బయట

మా అమ్మ జపాన్ రాజుగారి తోట చూడలేదు. ఈ మాట మొదటి వాక్యంలోనే చెప్పేస్తున్నాను, ఎందుకంటే న్యూజెర్సీ పిస్కాటవేలో మా అమ్మని ఎరిగినవాళ్ళెవరిని అడిగినా చూసిందనే చెబుతారు. చూడటమే కాదు, చూసొచ్చి తమకందరికీ చూపించిందని కూడా చెబుతారు. పోయిన ఏడాది ఆమె పోయాక కమ్యూనిటీ హాల్లో సంతాప సభ పెడితే విజయ ఆంటీ మైకు పట్టుకుని, "కామేశ్వరి క్యోటో వెళ్ళి, ఆ కత్సురా రాజభవనం, ఆ తోట కళ్ళారా చూసి, ఫొటోలు తీసుకొచ్చి, బేస్‌మెంట్లో మాకందరికీ స్లైడ్లు వేసి చూపించింది. నేనింతవరకు జపాన్ వెళ్ళలేదు. వెళ్ళాలని కూడా అనిపించలేదు. కామేశ్వరి కళ్ళతో చూసేశాను కదా" అంది. హాల్లో అందరూ తలలూపారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నేను ముందు వరుసలో చల్లారిన టీ కప్పు పట్టుకుని కూర్చుని, లేచి కాదని చెబుదామా అనుకున్నాను. తల్లి సంతాప సభలో తల్లిని పొగిడిన మాటను ఖండించే కూతుర్ని ఏమంటారో నాకు తెలుసు. నన్ను చిన్నప్పటినుంచీ అంటున్నారు కాబట్టి అదేమంత భయం కాదు. నా పక్కన కూర్చున్న నాన్న మాత్రం నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. అందుకని ఊరుకున్నాను.

ఇప్పుడు ఊరుకోకపోవడానికి కారణం మా అమ్మాయి అనఘ. అమ్మ సంవత్సరీకానికి వచ్చేవాళ్ళకి పంచడానికి అది ఒక ఫొటోల పుస్తకం తయారు చేసింది. అమ్మ పోయాక నాన్న హెర్న్‌డన్‌లో మా ఇంటికొచ్చేశాడు. కింది గదిలో ఉంటాడు. ఆయన సామానులో పాత స్లైడ్ల పెట్టె దొరికితే అనఘ వాటిని స్కాన్ చేయించింది. రంగులు కాస్త ఎర్రబారాయి తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. చెరువు, రాళ్ళు, పైన్ చెట్లు, గడ్డి కప్పు టీ ఇళ్ళు. పుస్తకానికి "అమ్మమ్మ చూసిన తోట" అని పేరు పెట్టింది. లోపల మొదటి పేజీలో, ఫొటోలు తీసింది అమ్మమ్మేనని ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ వేసింది. చూడగానే మార్చమన్నాను.

"ఏది మార్చాలి?" అంది.

"రెండూ. అమ్మమ్మ చూడలేదు, అమ్మమ్మ తియ్యలేదు. తాతయ్య వెళ్ళాడు లోపలికి. అమ్మమ్మ నాతో బయట కూర్చుంది."

అనఘ లాప్‌టాప్ మీంచి తలెత్తి, చాలా మర్యాదగా, రోగితో నర్సు మాట్లాడినట్టుగా, "అమ్మా, నువ్వు అప్పుడు చిన్న పిల్ల కదా. నీకు సరిగ్గా గుర్తు లేదేమో" అంది.

ఈ మాట నేను ఊహ తెలిసినప్పటినుంచీ వింటున్నాను. అనఘ నోట వినడం మాత్రం అదే మొదలు.

అప్పట్లో మేము పిస్కాటవేలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. నాన్న ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో కెమిస్టు. సాయంత్రం తలుపు తీసుకుని ఆయన లోపలికి వస్తే గోళ్ళరంగు తుడిచే మందు వాసన కొట్టేది. అమ్మ ఆయన కోటుని గరాజ్‌లోనే తగిలించమనేది. ఆయనేమో ఇంగువ వాసన తలకెక్కుతోందని, గడ్డకట్టే చలిలో కూడా వంటింటి కిటికీ తెరిచేవాడు. ఒకరి వాసన ఒకరికి గిట్టని ఆ ఇద్దరి మధ్య నేను స్వెటర్ వేసుకుని అన్నం తినేదాన్ని. నాన్నకి ప్రతిదీ పొదుపే. కెమెరాలో ఫిల్మ్ ఉందని తీసెయ్యకూడదు, ముందు ఆలోచించాలి, ఆలోచించాక కూడా తియ్యాలా వద్దా అని ఇంకోసారి ఆలోచించాలి. ఆ కెమెరా ఆయన తప్ప ఎవరూ ముట్టుకునేవారు కాదు. తోలు సంచిలో, గుడ్డ చుట్టి, అల్మారా పై అరలో ఉండేది. దసరాకి దించి తుడిచి మళ్ళీ పైన పెట్టేవాడు. ఈ ముక్క కాస్త గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే తర్వాత ఆ కెమెరా అమ్మ చేతిలోకి వచ్చిందని మీకు చెప్పబోయేవాళ్ళు ఉన్నారు.

అమ్మ వాల్తేరులో చరిత్ర ఎమ్మే చేసి, అక్కడే ఒక ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పింది. పెళ్ళయి, నేను పుట్టి, నాన్న దగ్గరికి వచ్చాక ఆ చదువుకి ఇక్కడ పనేమీ లేదని తేలింది. శాతవాహనుల నాణేల గురించి న్యూజెర్సీలో ఎవరికి కావాలి. నేను తెలుగు మర్చిపోకుండా రోజూ డిక్టేషన్ చెప్పేది, నేనిప్పుడు ఇలా రాస్తున్నానంటే అదే కారణం. అది అయ్యాక ఇద్దరం లైబ్రరీకి నడిచి వెళ్ళేవాళ్ళం. అక్కడ అడుగు అరలో, మోయలేనంత పెద్ద బొమ్మల పుస్తకం ఒకటి ఉండేది, క్యోటో దగ్గరున్న కత్సురా రాజభవనం గురించి. ఎందుకు జపానే అని తర్వాతెప్పుడో అడిగాను. "ఆ పుస్తకం ఒక్కటే ఎవరూ తీసుకెళ్ళేవారు కాదు. ఎన్నిసార్లు రెన్యూ చేసినా ఏమీ అనేవారు కాదు" అంది. ఇంతకంటే గొప్ప కారణం ఏదో ఉండి ఉంటుందని విజయ ఆంటీ అంటుంది, కళాహృదయమనీ అదనీ. నాకు తెలిసింది ఇది.

అన్నాల దగ్గర ఆ భవనం చరిత్ర నడిచేది. అది కట్టిన రోజుల్లో జపాన్‌లో చక్రవర్తి పేరుకే, ఏలేవాళ్ళు సేనానులు. పిల్లలు లేని ఒక పెద్ద సేనాని చక్రవర్తి తమ్ముణ్ణి దత్తత తీసుకున్నాడు. రేపు దేశం వీడిదే అని అందరూ ఆ కుర్రవాడికి దణ్ణాలు పెట్టారు. ఇంతలో సేనానికి సొంత కొడుకు పుట్టాడు. దత్తపుత్రుణ్ణి ఒక బిరుదిచ్చి పక్కకి పంపించేశారు. "ఇంక అతనికి చెయ్యడానికి ఏ పనీ మిగల్లేదు. చదువొక్కటే మిగిలింది. అంత చదువుకున్నవాడు పని లేకపోతే ఏం చేస్తాడు? తోట వేస్తాడు" అనేది అమ్మ. "మన దగ్గరైతే రాజకీయాల్లో చేరతాడు" అనేవాడు నాన్న, పెరుగు కలుపుకుంటూ. అమ్మ నవ్వేది కాదు. ఏటి ఒడ్డున, దోసపాదుల మధ్య ఆ రాకుమారుడు ఒక చిన్న టీ ఇల్లు కట్టుకున్నాడట. దోసపాదుల మధ్య అని చెప్పేటప్పుడు మాత్రం ఆమె ముఖం కాస్త విప్పారేది. అతను పోయాక కొడుకు దాన్ని పెంచాడు. చెరువు తవ్వించిన మట్టితో గుట్టలు పోశారు, చుట్టూ దారి వేశారు, దారి పొడుగునా టీ ఇళ్ళు, చెరువు మీద లేచే చంద్రుణ్ణి చూడటానికి భవనం ముందు వెదురు అరుగు. తర్వాత ఆ వంశం అంతరించి, తోట చక్రవర్తి ఆస్తుల్లో కలిసింది. ఎవరు పడితే వాళ్ళు వెళ్ళడానికి లేదు. ముందుగా అనుమతి తీసుకోవాలి, చెప్పిన వేళకి వెళ్ళాలి, వాళ్ళ మనిషి వెనకే నడవాలి.

ఆ తోటలో అసలు కిటుకు ఏమిటంటే, చెరువు ఒక్కసారిగా కనబడనివ్వరు. దారి మొదట్లో నీళ్ళ వైపు పొడుచుకొచ్చిన నేల కొసన ఒక చిన్న పైన్ చెట్టు, సరిగ్గా చూపుకి అడ్డంగా ఉంటుంది. అడుగురాళ్ళు ఎగుడుదిగుడుగా పరుస్తారు, పడిపోకుండా ఉండాలంటే కాళ్ళకేసి చూసుకుంటూ నడవాలి. చదునైన పెద్ద రాయి వస్తే అక్కడ తలెత్తుతాం, అప్పుడు ఏది కనబడాలో అదే కనబడుతుంది. అమ్మ ఇదంతా మా బేస్‌మెంట్లో పరిచింది. మంచు పడి బయటికి వెళ్ళలేని రోజుల్లో పాత న్యూస్‌పేపర్లు మడిచి నేల మీద అడుగురాళ్ళు వేసేది. నీళ్ళు కాచే ట్యాంకు ఒక టీ ఇల్లు. బట్టల మెషీను చంద్రుణ్ణి చూసే అరుగు. ఖాళీ పెయింటు డబ్బాలో నిలబెట్టిన నాన్న గొడుగు ఆ పైన్ చెట్టు. గొడుగు దాటేవరకు చెరువు లేదు. ముందే తొంగి చూశానా, మళ్ళీ మెట్ల దగ్గర్నించి నడవాలి. నేను తొంగి చూసేదాన్ని, ఆమె వెనక్కి పంపేది. సిమెంటు నేల చలి సాక్సుల్లోంచి ఎక్కేది. అమ్మ నా వెనక చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నడుస్తూ, పెద్ద పేపర్ వచ్చినప్పుడల్లా "ఇక్కడ తలెత్తు" అనేది. తలెత్తితే ఎదురుగా ఫ్యూజ్ బాక్సు. ఇది సరదా ఆటలా చెబితే వినడానికి బాగుంటుంది, అనఘకి చెబితే "సో క్యూట్" అంది. నాకది సరదాగా గుర్తు లేదు. ఆమెకి అది ఆట కాదు. నేను గెంతితే కోప్పడేది.

కంపెనీ వాళ్ళు నాన్నని ఒసాకాలో ఏదో మీటింగ్‌కి పంపిస్తామన్నారు. అటునుంచటే ఇండియా వెళ్దామని, మేమిద్దరం కూడా వస్తామని అమ్మ అంది. నేను పుట్టాక ఆమె ఒకటి కావాలని నోరు తెరిచి అడగ్గా వినడం అదే మొదటిసారి. నాన్న ఒప్పుకున్నాడు. కత్సురాకి అనుమతి ఒసాకాలోని కంపెనీ వాళ్ళ ద్వారా తెప్పించారు, అమ్మకీ నాన్నకీ. చిన్నపిల్లలకి ప్రవేశం లేదన్న సంగతి వాళ్ళు చెప్పలేదో, చెబితే నాన్న వినిపించుకోలేదో నాకు తెలియదు. వెళ్ళే ముందు వారమంతా అమ్మ బేస్‌మెంట్లోకి దిగలేదు. అంతకుముందే పేపర్లు ఎత్తేసి కట్టగట్టి చెత్తలో పెట్టేసింది.

అది చలికాలం. క్యోటో నుంచి బస్సెక్కి ఏటి వంతెన దగ్గర దిగి నడిచాం. బస్సులో నా చేతితొడుగు ఒకటి పోయింది. దాని గురించి నేను ఏడుస్తూ నడుస్తున్నాను. గేటు దగ్గర యూనిఫాం వేసుకున్న ఆయన కాగితం చూసి, పాస్‌పోర్టులు చూసి, నన్ను చూసి, చెయ్యి అడ్డంగా ఊపాడు. నాన్న ఇంగ్లిష్‌లో ఏదో అన్నాడు. ఆయన వంగి, నవ్వి, మళ్ళీ చెయ్యి ఊపాడు. వేళ మార్చడానికి కూడా వీల్లేదు, ఆ గుంపుతోనే వెళ్ళాలి. మిగతావాళ్ళు అప్పటికే లోపలికి నడుస్తున్నారు. అమ్మా నాన్నా నాకు కాస్త ఎడంగా జరిగి మాట్లాడుకున్నారు. ఎంతోసేపు కాదు. నేను చేతితొడుగు లేని చెయ్యి కోటు జేబులో కుక్కి, నేలకేసి చూస్తూ ముక్కు ఎగబీలుస్తున్నాను. ఒక్కసారి తలెత్తితే అమ్మ చేతులు కనిపించాయి. ఎడమవైపు చూపిస్తోంది, తర్వాత కుడివైపు, తర్వాత ఒక చెయ్యి నిటారుగా నిలబెట్టింది. గొడుగు, అనుకున్నాను. అంతే. తర్వాత నాన్న కెమెరా మెళ్ళో వేసుకుని లోపలికి వెళ్ళాడు. అమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె అరచెయ్యి వేడిగా ఉంది.

మేమిద్దరం ఏటి గట్టు మీద కూర్చున్నాం. ఆ పక్కంతా తోట కంచె. ఆ కంచె కొట్టి తెచ్చిన వెదురుతో కట్టింది కాదు. లోపల నేలలో పెరుగుతున్న వెదుళ్ళనే బయటికి వంచి, వాటి కొమ్మల్నీ ఆకుల్నీ చట్రంలో అల్లేస్తారు. బతికున్న మొక్క బతికుండగానే గోడ అవుతుంది. అమ్మ లేచి వెళ్ళి దాని ఆకుల్లోకి చెయ్యి పెట్టింది, మోచేతిదాకా. లోపలిది ఏమైనా కనబడుతుందేమోనని కాబోలు మొహం దగ్గరగా పెట్టింది. ఏమీ కనబడదు. వెనక్కి వచ్చి సంచిలోంచి కమలాపండు తీసి వలిచింది. తొక్క ఒక్క ముక్కగా వచ్చేసింది. నాకు తొనలు ఇస్తూ, చేతి గడియారం చూసుకుని, "ఇప్పుడు మీ నాన్న పైన్ చెట్టు దగ్గర ఉంటారు" అంది.

"గొడుగు దగ్గరా?"

"గొడుగు దగ్గరే. ఇంకో నాలుగడుగులు వేస్తే చెరువు."

కాసేపయ్యాక, "ఇప్పుడు ట్యాంకు ఇంటికి వెళ్తుంటారు. రాతి వంతెన దాటాలి" అంది. ఇంకాసేపటికి ఇంకొకటి చెప్పింది. తర్వాత చెప్పడం మానేసింది. నేను, "ఇప్పుడెక్కడ ఉన్నాడు?" అని అడిగాను. "తెలీదు" అంది. ఏరు అవతల కార్లు వెళ్తున్నాయి. ఆమె ఏడవలేదు. ఏడ్చిందని రాస్తే మీకు బాగుంటుంది, కానీ ఏడవలేదు.

నాన్న బయటికొచ్చి అన్న మొదటి మాట, "చలి చంపేసింది." తర్వాత, "బాగుంది. శుభ్రంగా పెట్టారు." రైల్లో అమ్మ అడగడం మొదలుపెట్టింది. పైన్ చెట్టు దాటాక ముందు వంతెన కనిపించిందా, టీ ఇల్లు కనిపించిందా? నాన్న కాసేపు ఆలోచించి, వంతెనే అనుకుంటానన్నాడు. అనుకోవడమేమిటి, చూశారుగా? చూశాను, వరుస గుర్తులేదు. ఆ ఇంట్లో నీలం గళ్ళూ తెల్ల గళ్ళూ ఉన్న గోడ ఉండాలి, అది వాకిట్లోంచే కనిపించిందా? "ఏమో, ఫొటో తీశాలే కామేశ్వరీ, కడిగించాక చూద్దువుగాని." అమ్మ ఒసాకా దాకా కిటికీకేసి తిరిగి కూర్చుంది.

ఇండియా నుంచి తిరిగొచ్చి, స్లైడ్లు వచ్చాక, ఒక శనివారం బేస్‌మెంట్లో ప్రొజెక్టర్ పెట్టారు. అప్పట్లో ఎవరు ఎక్కడికి వెళ్ళొచ్చినా అందరినీ పిలిచి స్లైడ్లు చూపించాల్సిందే. నయాగరా అందరూ చూపించేశారు కాబట్టి జపాన్ అంటే జనం బాగా వచ్చారు. మెట్ల కింద పులిహోర, వడలు, కాగితప్పళ్ళాలు. మడత కుర్చీల్లో మగవాళ్ళు, నేలమీద దుప్పట్ల మీద ఆడవాళ్ళు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు. గోడకి తెల్ల దుప్పటి మేకులు కొట్టి కట్టారు. నాన్న ప్రొజెక్టర్ దగ్గర. అమ్మ దుప్పటి పక్కన, చేతిలో స్కేలు. కాలేజీలో పాఠం చెప్పినప్పుడు అలాగే నిలబడేదేమో. మొదటి స్లైడు పడగానే అమ్మ, "ఇక్కడ కాళ్ళకేసి చూసుకుంటూ నడవాలి. తలెత్తనివ్వరు" అని మొదలుపెట్టింది. దారి వంపులు, రాళ్ళ పేర్లు, ఏ కిటికీలోంచి ఏది కనిపిస్తుందో అన్నీ చెప్పింది. నాన్న రైల్లో చెప్పలేకపోయినవన్నీ చెప్పింది. గదిలో ఎవరూ కదల్లేదు. కంచె దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు మారింది. వెదురుని బతికుండగానే ఎలా వంచుతారో, చెయ్యి పెడితే లోపల ఎంత చల్లగా ఉంటుందో చెప్పింది. ఆ ఒక్కటీ ఆమె నిజంగా చూసింది.

"ఇన్ని ఫొటోల్లో నువ్వు ఒక్కదాంట్లో కూడా లేవేమిటే?" అంది విజయ ఆంటీ.

"నేను తీస్తుంటే నేనెలా ఉంటాను?" అంది అమ్మ.

అందరూ నవ్వారు. నాన్న క్లిక్‌మని తర్వాతి స్లైడు వేశాడు. అందులో ఒక గుట్ట మీద, మనిషంత ఎత్తున, గడ్డి కట్టలు నిలబడి ఉన్నాయి. అవేమిటని ఎవరో అడిగారు. అమ్మ స్కేలు ఒక్క క్షణం గాల్లో ఆగింది. లైబ్రరీ పుస్తకంలో అవి లేవు. "గడ్డివాములు. రాజుగారి గుర్రాలకి" అంది. మగవాళ్ళలో ఒకాయన, "ఎక్కడికెళ్ళినా రైతు రైతే" అని ఏదో అన్నాడు, మళ్ళీ నవ్వులు. అప్పుడు నేను, ఉన్నచోటినుంచే, "అమ్మా, నువ్వు లోపలికి వెళ్ళలేదుగా. నాతో కూర్చున్నావుగా" అన్నాను. ఒక్కసారిగా అందరూ నావైపు తిరిగారు. ప్రొజెక్టర్ ఫ్యాను చప్పుడు వినిపించింది. అమ్మ నన్ను చూసింది. కోపంగా కాదు. చాలా దూరం నుంచి చూసినట్టు చూసి, "దానికి నిద్ర పట్టేసింది. దానికేం గుర్తులేదు" అంది. నాన్న తర్వాతి స్లైడు వేశాడు.

అక్కడినుంచి నేను ఇంట్లో గుర్తులేని పిల్లనయ్యాను. ఎవరి పెళ్ళిలో ఏం జరిగిందో, ఎవరు ఎవరిని ఏమన్నారో నేను చెబితే, "దాని మాట నమ్మకండి, దానికి నిద్ర పట్టేసి ఉంటుంది" అని నవ్వేవాళ్ళు. నేను గట్టిగా మాట్లాడటం, తేదీలూ సాక్ష్యాలూ పెట్టుకుని వాదించడం అప్పుడే మొదలైందని నా అనుమానం. మా ఆయన్ని అడిగితే పుట్టుకతోనే అంటాడు. అమ్మని నేను పెద్దయ్యాక రెండు మూడుసార్లు నిలదీశాను. ఒకసారి నవ్వేసింది. ఒకసారి లేచి వెళ్ళి పొయ్యి మీది పాలు చూసొచ్చింది. పాలు ఇంకా కాగలేదు.

"అమ్మా, ఇట్స్ సచ్ ఎ నైస్ స్టోరీ. హూ కేర్స్ ఎవరు ఫొటో తీశారు?" అంది అనఘ. దానికి గడ్డివాముల స్లైడు తెరిచి చూపించాను. "ఇవేమిటో చెప్పు" అన్నాను. అది ఫోన్లో వెతికి, అవి ఈతచెట్టులాంటి ఆకులుండే ఏవో మొక్కలనీ, చలికి చచ్చిపోకుండా వాటికి గడ్డి చుట్టి కట్టే పద్ధతి అక్కడ ఉందనీ చెప్పింది.

"చూశావా? మీ అమ్మమ్మ గడ్డివాములంది. పక్కనుంచి నడిచినవాళ్ళకి గడ్డి సందుల్లోంచి ఆకులు కనబడవా?"

"ఫొటోలో అలాగే ఉంది కదా, గడ్డిలాగే."

"అదే నేను చెప్పేది. ఆమె ఫొటోలోనే చూసింది."

అనఘ ఆ స్లైడుని పెద్దది చేసి చూసింది. తర్వాత, "ఓకే. తాతయ్యని అడుగుదాం. ఆయన చెప్తే మారుస్తాను" అంది. నాకు కావలసిందీ అదే. అది ఎందుకు నాకంత ముఖ్యమని మా ఆయన కూడా అడిగాడు. ఆమె చూసిందని పుస్తకంలో అచ్చు వేసేస్తే, ఆ రోజు ఆమెకి ఏమీ జరగనట్టే. ఏటి గట్టు మీద గడియారం చూసుకుంటూ కూర్చున్న మనిషి లేనట్టే. ఆమెని అలా చూసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను, నన్నేమో నిద్రపోయానంటున్నారు.

నాన్న కిటికీ దగ్గర కూర్చుని మాత్రలు వారానికి సరిపడా డబ్బాలో సర్దుకుంటున్నాడు. ఆయన మతిమరుపు మనిషి కాదని ముందే చెబుతున్నాను. బ్యాంకు పాస్‌వర్డులు కూడా ఆయనకే గుర్తు, మాకు కాదు. అనఘ ఎదురుగా, నేను అడిగాను.

"నాన్నా, కత్సురాలో లోపలికి వెళ్ళింది ఎవరో దీనికి చెప్పు."

ఆయన ఒక మాత్ర గడిలో వేసి, మూత నొక్కి, "మీ అమ్మ" అన్నాడు.

"నువ్వు వెళ్ళావు."

"నేను నీతో బయట కూచున్నాను రమా. ఏటి గట్టు మీద. నీ చేతితొడుగు ఒకటి పోయింది, ఒకటే ఏడుపు. కమలాపండు వలిచిపెట్టాను. తిని నిద్రపోయావు."

నా కమలాపండు కూడా ఆయన తీసేసుకున్నాడు. "అమ్మకి నీ కెమెరా వాడటం ఎప్పుడొచ్చింది?" అన్నాను.

"గేటు దగ్గర చూపించాను. ఎటు తిప్పాలో, ఏది నొక్కాలో. తెలివైంది కదా, నేర్చేసుకుంది."

"మరి రైల్లో? అమ్మ నిన్ను అడిగింది కదా, ఏది ముందు కనిపించిందని?"

"ఏ రైల్లో?" అన్నాడు, నిజంగానే అడుగుతున్నట్టుగా. తర్వాత అనఘకేసి తిరిగి, "ఆవిడ చెబుతుంటే నేను స్లైడ్లు మార్చేవాణ్ణి, అంతేనమ్మా. పుస్తకం బాగా చేశావు" అన్నాడు. అనఘ నావైపు జాలిగా చూసి, "సరే అమ్మా" అని లేచి వెళ్ళిపోయింది. పుస్తకం ఉన్నదున్నట్టుగా ప్రింట్‌కి వెళ్ళింది. సంవత్సరీకం నాడు విజయ ఆంటీ దాన్ని గుండెలకి హత్తుకుని ఫొటో దిగింది.

ఇప్పుడు కత్సురాకి ఫోన్లో టికెట్ బుక్ చేసుకోవచ్చట. నువ్వు ఊ అంటే స్ప్రింగ్ బ్రేక్‌లో వెళ్దామని అనఘ అంటోంది. నాకు ఆ తోట చూడాలని లేదు. అమ్మ కూడా మళ్ళీ వెళ్దామని ఎప్పుడూ అనలేదు. తర్వాత ఎన్నోసార్లు ఇండియా వెళ్ళాం, ఎప్పుడూ లండన్ మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో. డబ్బు వచ్చింది, తీరిక వచ్చింది, నేను పెద్దదాన్నయి గేటు దాటే వయసు కూడా వచ్చింది. లైబ్రరీ పుస్తకం సంగతి కూడా ఆమె మళ్ళీ ఎత్తలేదు. స్లైడ్లు మాత్రం కొత్తవాళ్ళెవరొచ్చినా వేసేది, అవే మాటలు చెప్పేది, ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా బాగా చెప్పేది. నాన్న స్లైడ్లు మార్చేవాడు. స్లైడ్లు వేస్తారంటే నేను నా ఊళ్ళోనే ఉండిపోయేదాన్ని. ఇప్పుడాయన ఆమె లేకుండా కూడా ఆమె చెప్పిందే చెబుతున్నాడు. ఆ రోజు ఇవ్వని తోటని ఇప్పుడు ఆమెకి ఇస్తున్నాడో, లేక ఆ రోజు తను తీసుకున్నానన్న సంగతిని దాచుకుంటున్నాడో నేను ఎంత ఆలోచించినా తేలదు. రెండూ ఒకే మాటతో అయిపోతాయి కాబట్టి ఆయనకి తేడా లేదు. నాకుంది.

ఆయన మీద నా కోపం ఆ గేటు దగ్గర మొదలైంది. ఎక్కడికెళ్ళినా ముందు ఆయనే వెళ్తాడు, ఆమె పిల్లని పట్టుకుని నిలబడుతుంది అని ఆ రోజే నాలో ఒక మాట స్థిరపడిపోయింది, దాని మీదే ఆయనతో ఇన్నేళ్ళు పోట్లాడాను. కానీ ఆ నిమిషం వాళ్ళు మాట్లాడుకున్న మాటలు నేను వినలేదు. చేతులు చూశాను, మాటలు వినలేదు. ఆయన ముందే నడిచాడనుకున్నాను. ఒకవేళ ఆమే వద్దనుకుని ఉంటే? పేపర్లూ గొడుగూ తీసేసి, నిజం రాళ్ళ మీద కాలు పెట్టడానికి ఆమెకే ధైర్యం చాలకపోతే? అప్పుడు నేనింతకాలం ఎవరి తరఫున పోట్లాడినట్టు? ఆమె లేదు. ఆయన చెప్పడు. అందుకే ఎవరికీ చెప్పుకోలేక మీకు చెబుతున్నాను, వినివుంటే ఆ యూనిఫాం వేసుకున్నాయన విని ఉండాలి, ఆయనకి తెలుగు రాదు. ఆ గేటు ముందు నిలబడి మా నాన్న, ఒక్కసారైనా, "నువ్వు వెళ్ళు కామేశ్వరీ, పిల్లని నేను చూసుకుంటాను" అన్నాడా?